గాంజా, గవాహీ, తవజ్జో

“గాంజాతో నుక్సాన్ లేదని ఇంగ్లీషు హుకూమతే చెప్పింది కదా భాయ్!” మా నందికొట్కూరు నౌజవాన్లు నాతో వాదిస్తుంటారు. అది సగం నిజమే.

1893లో ఆ హుకూమత్ ఏడుగురితో కమిషన్ వేసింది. మన కర్నూలు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. దేశమంతటా వెయ్యిమందికి పైగా గవాహీ ఇచ్చారు. పాగల్‌ఖానాల దస్త్రాలు తిరగేస్తే, సరైన తహకీకాత్ లేకుండానే చాలామందికి ‘గాంజా పిచ్చి’ అని రాసేసినట్టు బయటపడింది. మితంగా వాడితే దిమాగ్‌కు హాని లేదు, మితిమీరితే ఉంది అని 1894లో ఫైసలా ఇచ్చారు.

అయితే పదహారేళ్ల పిల్లవాడి తవజ్జోను కొలిచే సాధనం ఆ కమిషన్ దగ్గర లేదు. ఆ పని తర్వాతి శతాబ్దంలో మొదలైంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన 1,037 మందిని 38 ఏళ్లు వచ్చేదాకా గమనించారు. చిన్న వయసులో మొదలుపెట్టి ఏళ్ల తరబడి మానని వాళ్ల తెలివి కొలతలు తగ్గాయని 2012లో ప్రకటించారు. కవలల మీద జరిగిన పరిశోధన ఆ లెక్కను ప్రశ్నించింది. ఆ బహస్ ఇంకా నడుస్తోంది. కానీ రోజూ పీల్చేవాడికి నషా దిగాక కూడా కొన్నాళ్లు తవజ్జో, యాద్‌దాష్త్ మందగిస్తాయన్నది పదేపదే తేలింది. ఆ కొన్నాళ్లలోనే ఇంటర్ పరీక్ష వచ్చి పోతుంది.

వాలిదైన్! సబూత్ లేకుండా పిల్లాడిని పాగల్ అనకండి. బేటా! నువ్వూ తారీఖ్‌ను సగం చదివి ఆపేయకు.