ఫ్రోబెల్ తోటలోని పసివారి మళ్ళు

జర్మనీ దేశమునందలి తురింగియా అరణ్యసీమలో, ఒబర్‌వైస్‌బాఖ్ అను గ్రామమున 1782వ సంవత్సరమున జన్మించిన ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్, ఏడాదియైన నిండకమునుపే తల్లిని గోల్పోయి, మతాచార్యుడగు తండ్రికి తీరిక చాలని యింట ఆప్యాయత కఱవై పెరిగినవాడు. పదునైదవయేట అతడొక అటవీ అధికారియొద్ద శిష్యుడై, చెట్టుచేమలను, ఋతువులను పరిశీలించుచు కాలము గడపెను. పిమ్మట స్ఫటికశాస్త్రము నభ్యసించెను. స్విట్జర్లండున విద్యావేత్తయగు పెస్టలోజీ పాఠశాలయందు బోధనమునకు అలవడెను. అయినను బాలవిద్యనుగూర్చి అతడు కనుగొన్నదానికి మూలము ఆ యడవిలోనే యున్నదని నా నమ్మకము.

1837లో బ్లాంకెన్‌బర్గ్ అను చిన్న పట్టణమున పసివారి ఆటపాటల కొఱకు అతడొక సంస్థను నెలకొల్పి, 1840 జూన్ 28వ తేదీన దానికి కిండర్‌గార్టెన్, అనగా పసివారి తోట, అని నామకరణము గావించెను. అట్టి ప్రతి శాలకును నిజమైన తోట యొకటి యుండవలెనని అతని యాశయము. ఆ తోట విన్యాసమునుగూర్చి అతడు వ్రాసినది బాలవిద్యావాఙ్మయమున మిక్కిలి విలువైనదని నేను తలంతును. నడుమ ఒక్కొక్క శిశువునకు ఒక్కొక్క మడి. ఆ చిఱుమళ్ళను చుట్టివచ్చునట్లు అందఱికిని ఉమ్మడియైన నేల, అందొకవంక పూలమొక్కలు, వేఱొకవంక కూరగాయలు, పైరులు. సొంత మడిలో బిడ్డ తన యిచ్చవచ్చినది నాటుకొనవచ్చును, పాడుచేసికొనినను అడ్డువచ్చువారు లేరు. ఉమ్మడి నేలలోనన్ననో పదుగురితో గలిసి, పదుగురి మాట విని పనిచేయవలెను. సమష్టి వ్యష్టిని చుట్టి కాపాడవలెనను సిద్ధాంతమును అతడు పసివానికి నేలమీద గీచి చూపెను.

గింజను నాటిన శిశువు మఱునాడే దానిని త్రవ్వి చూచును. అట్లు చూచుట తప్పుకాదు. గింజ ఉబ్బినది, తొక్క చిట్లినది, తెల్లని వేరు క్రిందికి దిగినది అని తెలిసికొనుటకు వానికి వేఱు మార్గము లేదు. త్రవ్విన గింజ యెండిపోగా, విడిచిన గింజ మొలకెత్తగా, వేచియుండుటయు పనిలోని భాగమేయని వాడు గ్రహించును. ఎంత నీరు చాలును, ఎంత పోసిన వేరు కుళ్ళును, ప్రక్క మడివాని గట్టు ఎక్కడ మొదలగును, నిన్నటికంటె నేడు తీగ యెంత సాగినది అను ప్రశ్నలలో కొలతయు, లెక్కయు, కార్యకారణసంబంధమును, పరుల హక్కును వానికి చేతికందును. తడిమట్టిని పిసికి, కలుపు గిల్లి బలపడిన వ్రేళ్ళు పిమ్మట బలపము పట్టుటకును సిద్ధమై యుండును.

1851 ఆగష్టు 7వ తేదీన ప్రష్యా ప్రభుత్వము ఈ శాలలను నిషేధించెను. సోదరపుత్రుడగు కార్ల్ ఫ్రోబెల్ వ్రాతలను ఇతనికి అంటగట్టి, పసివారికి నాస్తికత్వమును, సామ్యవాదమును నూఱిపోయుచున్నాడని నిందించిరి. మఱుసటి యేట జూన్ 21న ఆ వృద్ధుడు కన్నుమూసెను. నిషేధము 1860 వఱకు తొలగలేదు.

అంతలో అతని మార్గము ననుసరించినవారు ఆ పద్ధతిని దేశాంతరములకు గొనిపోయిరి. మార్గరెట్ షుర్జ్ 1856లో అమెరికాయందలి వాటర్‌టౌన్‌లో, ఎలిజబెత్ పీబడీ 1860లో బోస్టన్‌లో శాలలు తెఱచిరి. కొంతకాలమునకు మిల్టన్ బ్రాడ్లీ అను వ్యాపారి, ఫ్రోబెల్ కల్పించిన కొయ్యగోళములను, ఘనములను పెట్టెలలో నమర్చి విక్రయింపసాగెను. పెట్టె ఓడనెక్కును, అంగడిలో అమ్ముడుపోవును. తోటకు ఆ సౌలభ్యము లేదు. నేల ప్రియమైన నగరములలో కొయ్యముక్కలు నిలిచి, మళ్ళు మాయమగుట నాకు తీఱని వెలితిగా తోచుచున్నది.

తోటను మరల పసివారికి అప్పగించినవారును లేకపోలేదు. 1914లో లండన్ నగరపు డెట్‌ఫర్డ్ పేదవాడలో మెక్‌మిలన్ సోదరీమణులు నడపిన ఆరుబయటి శిశుశాలయందు తోటయే ప్రధానమైన తరగతి. 1907లో రోము నగరమున శిశుగృహమును స్థాపించిన మరియా మాంటిస్సోరి, తాను నీరు పోయనిచో మొక్క వాడునని కనిపెట్టిన బిడ్డకు, ఒకరు పురమాయింపకయే ముందుచూపు అలవడునని వ్రాసినది. ఆమె 1939లో మద్రాసునకు వచ్చి, ఆంధ్ర మండలములు నాడు చేరియుండిన మద్రాసు రాష్ట్రమునందే, అడయారులో, దేశపు నలుమూలలనుండి వచ్చిన ఉపాధ్యాయులకు స్వయముగా శిక్షణ నొసగెను.