బ్రౌజర్‌లో కీవర్డ్ సెర్చ్

అడ్రస్ బార్‌లో ఒక పొట్టి మాట (కీవర్డ్), దాని పక్కన వెతకాల్సిన పదం టైపు చేసి, ఆ సైటు ముందుపేజీకి వెళ్లకుండానే ఫలితాలు తెరిచే ఏర్పాటును కీవర్డ్ సెర్చ్ అంటారు. 'తెవికీ' అని కొట్టి, ఖాళీ వదిలి, 'శేరిలింగంపల్లి' అని రాస్తే తెలుగు వికీపీడియాలో ఆ వ్యాసమే తెరుచుకునేలా చేసుకోవచ్చు. క్రోమ్‌లో దీని పేరు సైట్ సెర్చ్.

చాలా సైట్లలో ఫలితాల పేజీ చిరునామాలోనే మనం వెతికిన పదం కూడా ఉంటుంది. ఆ పదం తీసేసి, అక్కడ శాతం గుర్తు, దాన్ని ఆనుకుని ఇంగ్లీషు స్మాల్ 'ఎస్' పెట్టి ఆ చిరునామాను దాచుకోవాలి. కీవర్డ్ తర్వాత ఏం రాస్తే అది బ్రౌజర్ అక్కడ నింపుతుంది. అసలు పని ఇంతే.

తెలుగువాళ్లకు చిక్కు సరిగ్గా ఇక్కడే వస్తుంది. తెలుగు పదంతో వెతికి చిరునామా కాపీ చేస్తే అక్షరాలకు బదులు శాతం గుర్తుల వరస వస్తుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. ఒక్కో బైటుకు చిరునామాలో 3 గుర్తులు. 'శేరిలింగంపల్లి'ని గుణింతాలు, సున్నాలు, పొల్లుతో సహా విడదీస్తే 14 సంకేతాలు, అంటే 126 గుర్తులు. అందులో పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కొత్తవాళ్లకు అంతుపట్టదు. అందుకని మొదటిసారి అర్థంలేని నాలుగు ఇంగ్లీషు అక్షరాలతో వెతకడం మంచిది. అర్థమున్న పదమైతే ఇంకో ఇబ్బంది ఉంది: ఆ పేరుతో వ్యాసం ఉంటే వికీపీడియా ఫలితాలు చూపకుండా నేరుగా వ్యాసానికే తీసుకెళ్తుంది, కాపీ చేయాల్సిన చిరునామా కనబడదు.

ఫైర్‌ఫాక్స్‌లో ఈ బాధ తక్కువ. సైటులోని సెర్చ్ పెట్టె మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూలోంచే చేర్చుకోవచ్చు, చిరునామా జోలికి పోనక్కర్లేదు. క్రోమ్‌లో అడ్రస్ బార్ మీద రైట్ క్లిక్ చేసి, సెర్చ్ ఇంజన్ల నిర్వహణ పేజీకి వెళ్లి పేరు, షార్ట్‌కట్, చిరునామా అనే మూడు గడులు నింపాలి. ఎక్కువమంది వెనక్కి తగ్గేది ఆ మూడో గడి దగ్గరే. ఇంత పనికొచ్చే సదుపాయాన్ని సెట్టింగుల అడుగున పెట్టడం అన్యాయం.

ఈ గడులు నింపే పని సైటే చేసిపెట్టగలదు. అమెజాన్ అనుబంధ సంస్థ ఏ9 2005లో ఓపెన్‌సెర్చ్ అనే పద్ధతి తెచ్చింది. 2006లో ఫైర్‌ఫాక్స్ 2, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 దాన్ని అందుకున్నాయి. సైటువాళ్లు చిన్న ఫైలు ఒకటి పెడితే, అక్కడ ఎలా వెతకాలో బ్రౌజర్ దాన్ని చూసి తెలుసుకుంటుంది. వికీపీడియాలో ఆ ఫైలు ఉంది. తెలుగు నిఘంటువులు, పత్రికలు, గ్రంథాలయాల సైట్లన్నీ ఇది పెట్టుకోవాలి.

రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలో కీవర్డ్ సెర్చ్ అవసరం అడుగడుగునా ఉంది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా ఐటీ ఆఫీసులు విస్తరించాయి. టికెట్ నంబరు, కోడ్ ఫైలు పేరు, సహోద్యోగి వివరాలు పొద్దస్తమానం వెతికే ఉద్యోగాలివి. ఇలాంటి ఆఫీసుల్లో ఎవరికివారు గడులు నింపుకోనక్కర్లేదు: క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్‌లలో సంస్థల కోసం ఉన్న పాలసీల ద్వారా ఐటీ విభాగం ఉద్యోగులందరి బ్రౌజర్లలోనూ కీవర్డ్‌లు ఒకేసారి పెట్టేయవచ్చు. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే ఈ కీవర్డ్‌ల పట్టిక చేతికందితే ఎంతో సమయం కలిసొస్తుంది. ఆఫీసులకే కాదు, తెలుగు చదివేవాళ్లకూ ఇది కావాలి: ఇదే మండలంలోని గచ్చిబౌలి ట్రిపుల్‌ఐటీ తెలుగు వికీపీడియాలో వ్యాసాలు పెంచేందుకు ఇండిక్‌వికీ ప్రాజెక్టు చేపట్టింది. వ్యాసాలు పెరిగేకొద్దీ వాటిని చేరే దారి కూడా దగ్గర కావాలి.

తెలుగు సైట్లకు కీవర్డ్ కూడా తెలుగులోనే పెట్టుకోవడం మేలు. ఇంగ్లీషులో పెడితే కీవర్డ్‌కు ఒకసారి, పదానికి మరోసారి కీబోర్డు మార్చాల్సి వస్తుంది.

ఫోన్లలో పరిస్థితి ఇంకా వెనకబడే ఉంది. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో కొత్త సెర్చ్ ఇంజన్ చేర్చుకునే వీలుంది కానీ, ఆ శాతం గుర్తు, 'ఎస్' అక్షరం చేత్తో టైపు చేయాల్సిందే.