రంగు మోజు

తెల్లని దొరలు డబ్బిచ్చి నల్లబడుటకు దీపాల పెట్టెలలో పడుకొందురనిన మన పెద్దలు నమ్మరు. కాని నిజము. పూర్వము ఐరోపాలో పొలమున ఎండకు మాడినవాడు కూలి, నీడపట్టున పాలిపోయినవాడు ప్రభువు. యంత్రశాలలు వచ్చి కూలివాడు కప్పు క్రిందికి చేరగా లెక్క తారుమారైనది. 1920 తర్వాత సముద్రపుటొడ్డున తీరికగా ఎండ కాచుకొన్నవాని రంగే గొప్పయైనది. అంతకుముందే డెన్మార్కు వైద్యుడు ఫిన్సెన్ కాంతికిరణములతో చర్మక్షయకు చికిత్స చేసి 1903లో నోబెల్ బహుమతి పొందియుండుటచే, వెలుగంటే ఆరోగ్యమే అను నమ్మకము కూడ తోడైనది. 1970ల తర్వాత అతినీలలోహిత దీపముల పెట్టెలు అంగళ్ళలో వెలసినవి. 16, 17 ఏండ్ల పిల్లలు సయితము వాటిలో దూరిరి. ఆ కిరణములు చర్మకణముల లోపలి జన్యుద్రవ్యమును చెరచును; ఫలము ఏండ్ల తర్వాతగాని బయటపడదు. క్యాన్సరు కలిగించుట నిశ్చయమని తేలిన వాటిలో, పొగాకు సరసన, ఈ పెట్టెలను ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సరు పరిశోధన విభాగము 2009లో చేర్చినది. చిన్న వయసున మొదలుపెట్టినవారికే ముప్పు హెచ్చట. బ్రెజిల్ ఆ యేడే వాటిని నిషేధించినది. ఇంగ్లండు 2011 నుండి 18 ఏండ్ల లోపువారికి తలుపు మూసినది. పై చదువులకు ఆ దేశములు పోవు మన పిల్లలకు ఈ సంగతి చెప్పి పంపుట మంచిది.

మనకేమి అని నవ్వుటకు లేదు. మనదీ అదే జబ్బు, తిరగవేసినది. మన చర్మములోని మెలనిన్ ఎండకు గొడుగు వంటిది. ఆ గొడుగును డబ్బిచ్చి చింపించుకొనుచున్నాము. “పిల్ల ఎరుపేనా?” అని అడుగనిదే సంబంధపు మాట సాగదు. ద్రౌపదికి కృష్ణ యను పేరు రంగును బట్టి వచ్చినదే గదా! 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ బజారుకు వచ్చినది. తర్వాత మావంటి గుమాస్తాల యిండ్లలో సయితము నెల సామానుల చీటీలో ఇట్టి గొట్టములు చేరినవి. అసలు ముప్పు చాటుగా అమ్ముడగు పాదరసపు పూతలతోను, స్టీరాయిడ్ మందులతోను. పాదరసము మూత్రపిండములను చెరచును. స్టీరాయిడ్ మొదట ముఖమును తెల్లగా మెరపించి, పిదప చర్మమును పలుచన చేసి, మొటిమలు, ఎర్రని మంట తెచ్చును. మానినచో ఇంకను రేగును. అందుచే పిల్ల మానలేదు. ఇట్టి 14 పూతమందులు వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వము ఉత్తరువు చేసినది.

ఈ విషయమున మన చెన్నపట్నము ముందున్నదని చెప్పుట నాకు సంతోషము. ఇక్కడి విమెన్ ఆఫ్ వర్త్ అను సంస్థ 2009లోనే, అనగా ఆ పెట్టెలపై తీర్పు వచ్చిన యేటనే, నలుపు అందమేనని ఉద్యమము మొదలుపెట్టినది. 2013లో నటి నందితా దాస్ దానికి గొంతు కలిపినది. 2020లో ఆ క్రీము పేరులోని ‘ఫెయిర్’ పోయి ‘గ్లో’ వచ్చినది. పెండ్లి సంబంధముల కాగితములలో రంగు గడి మాత్రము ఇంకను ఉన్నది.