బేతాళుడి బొమ్మ ఎవరిది?

చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని పాత పత్రికలు ఊరికే చదువుకోవచ్చు. కానీ చందమామ బొమ్మని టీషర్టు మీద అచ్చేసి నారాయణగూడలో అమ్మాలంటే 1957 కాపీరైట్ చట్టం చూడాల్సిందే.

సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, జీతానికి గీసిన బొమ్మని పత్రికల్లో వేసుకునే హక్కే యజమానిది. మిగతావన్నీ చిత్రకారుడివి! ఆయన పోయాక 60 ఏళ్ళు వారసులవి. విక్రమార్కుణ్ణీ బేతాళుణ్ణీ గీసిన శంకర్ గారు 2020లో పోయారు. అంటే 2080 చివరిదాకా ఎవరో ఒకరిని అడగాల్సిందే. 2007లో చందమామని జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కొంది. ఆర్టిస్టు రాతపూర్వకంగా ఇవ్వని హక్కులు దాంతోపాటు అమ్ముడుపోవు.

మరి మనం ఆఫీసులో రాసే కోడు? అదే సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, మొత్తం కంపెనీదే. ఈ విషయంలో ఆర్టిస్టులే నయం :)