రెక్కల కింద చేతులు

వాయుసేనలో గ్రౌండ్ సిబ్బందిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. సోవియట్ మహిళా వైమానికుల గురించి ఎవరు చెప్పినా నా మనసు ఆకాశం వైపు పోదు, విమానం దిగే చోటికే పోతుంది.

1941 అక్టోబరులో జర్మన్ సైన్యం మాస్కో మీదికి వస్తున్నప్పుడు సోవియట్ వైమానికురాలు మరీనా రస్కోవా పట్టుబట్టి మహిళలతో మూడు విమాన రెజిమెంట్లు పెట్టించింది. వోల్గా ఒడ్డున ఎంగెల్స్ పట్టణంలో శిక్షణ. వాటిలో బెర్షాన్‌స్కాయా నడిపిన 588వ రాత్రి బాంబర్ రెజిమెంట్ ఒక్కటే చివరిదాకా పూర్తిగా ఆడవాళ్లది. పైలట్లే కాదు, మెకానిక్కులు, బాంబులెత్తే ఆర్మరర్లు కూడా.

వాళ్ల విమానం పో-2. చెక్క చట్రం, పైన గుడ్డ, కప్పులేని కాక్‌పిట్. శిక్షణ కోసం తయారైన బండి అది. రెండు మూడు వందల కిలోల బాంబులు మోస్తే గొప్ప. అందుకే చలికాలపు పొడుగు రాత్రుల్లో పైలట్, నావిగేటర్ ఉన్న ఒక్కో జంట ఎనిమిది, పది సార్లు వెళ్లొచ్చేది. వచ్చిన ప్రతిసారీ కింద ఎవరో ఇంజన్ చూడాలి, పెట్రోలు పోయాలి, బాంబులు తగిలించాలి.

ఆ బాంబులు ఎత్తింది చేతులతోనే. బురదలో, మంచులో మోకాళ్లూని, వెలుతురు చూపిస్తే శత్రువు కంటపడతామని చీకట్లో తడుముకుంటూ. తొడుగులుంటే ఫ్యూజు బిగించడం కుదరదు, వట్టి వేళ్లే గతి. లేహ్‌లో ఒక చలికాలం పనిచేశాను. గడ్డకట్టిన ఇనుము చర్మాన్ని ఎలా పట్టేస్తుందో నాకు తెలుసు.

నిబంధనల ప్రకారం ఒక్కో విమానానికి దాని సిబ్బంది వేరు. 588వ రెజిమెంట్ వాళ్లు ఆ పద్ధతిని పక్కనపెట్టారు. ఏ విమానం దిగినా ఒకరు ఎదురెళ్లి అందుకుంటారు, ఒకరు ఇంధనం నింపుతారు, ఇంకొందరు బాంబులు తగిలిస్తారు. నిమిషాల్లో అది మళ్లీ గాల్లో ఉంటుంది. యుద్ధం ముగిసేసరికి ఆ రెజిమెంట్ 23 వేలకు పైగా దాడులకు వెళ్లిందంటే, నా దృష్టిలో దానికి అసలు కారణం ఈ ఏర్పాటే.

1943 జులై 31 రాత్రి నాలుగు విమానాలు తిరిగి రాలేదు. ఎనిమిది మంది పోయారు. అప్పటికి వాళ్లకు పారాషూట్లు కూడా లేవు. బాంబులు కట్టి పంపిన చేతులు ఆ తెల్లవారుజామున ఎవరికోసం ఎదురుచూశాయో, విమానం పంపించి నిలబడ్డ ఏ మెకానిక్‌కైనా చెప్పనక్కర్లేదు.

సోవియట్ కాలంలో ఆ రెజిమెంట్‌లో 23 మందికి ‘సోవియట్ యూనియన్ వీర’ బిరుదు దక్కింది. అందరూ పైలట్లు, నావిగేటర్లే. వాళ్లు దానికి నూటికి నూరుపాళ్లూ అర్హులు. బాంబులెత్తినవాళ్లలో ఒక్కరికీ ఆ బిరుదు రాలేదు. అది అన్యాయమనే నేనంటాను.