తెలిసిన పేరుతో వచ్చిన ఉత్తరం

2000 మే 4, గురువారం. హాంకాంగ్‌లో ఆఫీసులు కిటకిటలాడుతున్న వేళ. ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేసే అమ్మాయిని ఊహించుకుందాం. ఆమె పేరుతో మనకు పనిలేదు. ఆ రోజు ఆమెలాంటి వాళ్ళు ఖండఖండానా ఉన్నారు.

ఔట్‌లుక్‌లో కొత్త మెయిల్ వచ్చింది. పంపింది తన పై అధికారి. సబ్జెక్టు చోట మూడు మాటలు కలిపి రాసి ఉన్నాయి: ఐలవ్‌యూ. లోపల ఒకే ఒక్క వాక్యం. తాను పంపుతున్న ప్రేమలేఖను దయచేసి చూడమని. దాని కింద చిన్న ఫైలు.

ఆమెకు చెమటలు పట్టాయి. ఆయన యాభై దాటిన మనిషి, పిల్లల తండ్రి. పొరపాటున పంపారా? వేళాకోళమా? చూడకుండా ఉండలేకపోయింది, నొక్కింది. తెరమీద ఏమీ కనిపించలేదు. ఫైలు పాడైందేమోననుకుని మళ్ళీ పనిలో పడింది. కాసేపటికి పక్క విభాగం పెద్దాయన ఫోను చేశారు.

"ఏంటమ్మా ఇది? నాకు ప్రేమలేఖ పంపావేంటి?"

"నేనా? నేనేం పంపలేదు సార్!"

"నీ పేరే ఉంది కదమ్మా. ఇదిగో, ఇక్కడ అందరికీ నీ దగ్గర్నుంచే వచ్చిందట."

ఈ అమ్మాయీ ఈ ఫోనూ నా ఊహే. కానీ ఆ తర్వాత జరిగిందంతా చరిత్ర.

ఆ ఫైలు ఉత్తరం కాదు, ప్రోగ్రాము. దాని పేరు చివర 'టీఎక్స్‌టీ' అని ఉంది, అంటే మామూలు అక్షరాల ఫైలన్నమాట. దాని తర్వాత ఇంకో తోక ఉంది: 'వీబీఎస్'. విజువల్ బేసిక్ స్క్రిప్టుకు అది గుర్తు. తనకు తెలిసిన రకం ఫైళ్ళకు చివరి తోకను చూపకుండా దాచడం అప్పటి విండోస్ అలవాటు. దాంతో అసలు తోక మాయమై, అమాయకమైన మొదటి తోక మాత్రమే కంటికి ఆనింది. నొక్కగానే స్క్రిప్టు లేచి ఔట్‌లుక్ చిరునామాల పుస్తకం తెరిచి, అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ తన నకలు పంపింది. డిస్కులో ఉన్న జేపెగ్ ఫొటోల మీద తన కోడునే రాసుకుని వాటిని చెరిపేసింది. ఎంపీత్రీ పాటలను దాచేసింది. పాస్‌వర్డులు దొంగిలించే ఇంకో ప్రోగ్రామును ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలోని ఒక సర్వరు నుంచి దించుకోవడానికి ప్రయత్నించింది.

అంతకు ఏడాది ముందు, 1999 మార్చిలో, మెలిస్సా అనే వైరస్ ఇదే దారిలో వచ్చింది. అది చిరునామాల పుస్తకంలో మొదటి 50 మందితో ఆగేది. ఇది ఎక్కడా ఆగలేదు.

అప్పటిదాకా కంప్యూటరు నేర్పిన ప్రతి మాస్టారూ చెప్పిన జాగ్రత్త ఒకటే: ముక్కూ మొహం తెలియని వాళ్ళ మెయిల్స్ తెరవొద్దు. జనం ఆ మాట విన్నారు. వినే మోసపోయారు. ఎందుకంటే ఈ ఉత్తరం ముక్కూ మొహం తెలిసిన వాళ్ళనుంచే వచ్చింది. అదీ దొంగ సంతకంతో కాదు, నిజంగా ఆ అధికారి కంప్యూటరు నుంచే, ఆయన ఖాతా నుంచే. పంపిన సంగతి ఆయనకే తెలియదు. తెలివితక్కువ వాళ్ళే ఇలాంటివి నొక్కుతారని ఇప్పటికీ కొందరు అంటుంటారు. అది తప్పు, అన్యాయం కూడా. ఆ రోజు నొక్కినవాళ్ళు తమకు చెప్పిన సూత్రాన్ని పాటించినవాళ్ళే.

ఆసియాలో ఆఫీసులు తెరిచే వేళకు మొదలైన ఉత్తరం, పొద్దు పడమరకు జరిగేకొద్దీ యూరప్‌కు, అక్కణ్నుంచి అమెరికాకు చేరింది. ఒక్కో దేశంలో ఉద్యోగులు వచ్చి కుర్చీల్లో కూర్చునేసరికి అది వాళ్ళకోసం ఎదురుచూస్తూ ఉంది. లండన్‌లో హౌస్ ఆఫ్ కామన్స్ మెయిల్ వ్యవస్థను ఆపేశారు. ఆ సంగతిని సభానాయకురాలు మార్గరెట్ బెకెట్ సభలోనే ప్రకటించాల్సి వచ్చింది. అమెరికాలో ఫోర్డ్ మోటార్స్ మెయిల్ ఆపుకుంది. పెంటగాన్, సీఐఏలకూ సెగ తగిలింది. ప్రపంచవ్యాప్తంగా కోట్ల కంప్యూటర్లు దీని బారిన పడ్డాయనీ, నష్టం వందల కోట్ల డాలర్లనీ తర్వాత అంచనాలు వేశారు. అంచనాల సంగతి ఎలా ఉన్నా, చెరిగిపోయిన ఫొటోలకు లెక్క కట్టేవాళ్ళెవరు? డిజిటల్ కెమెరాలు అప్పుడప్పుడే ఇళ్ళలోకి వస్తున్న కాలం. వేరే డిస్కులో కాపీ పెట్టుకునే అలవాటు ఇంకా చాలామందికి లేదు. పోయినవి పోయినట్టే.

ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసేవాళ్ళు చేసిన పని మాత్రం చాలా మోటుది, చాలా మంచిది. మెయిల్ సర్వర్లు ఆపేశారు, తీగలు పీకేశారు. మెయిల్‌ను నమ్మడానికి వీల్లేదు కాబట్టి మనుషులకు మనుషులే చెప్పుకున్నారు, ఫోన్లలో, వరండాల్లో, పేరుపేరునా. నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే. విషం వచ్చిన దారిని వదిలి వేరే దారిన మాట పంపడం.

అయినా ముప్పు తీరలేదు. స్క్రిప్టు అంటే చదవగలిగే అక్షరాలే. ఎవరి చేతికి చిక్కినా నాలుగు మాటలు మార్చి మళ్ళీ వదలొచ్చు. రోజుల్లోనే రకరకాల రూపాలు పుట్టాయి. వాటిలో ఒకటి మదర్స్ డే వేషం కట్టింది. అమ్మకు వజ్రాల కానుక కొన్నారు, మీ క్రెడిట్ కార్డు నుంచి 326.92 డాలర్లు తీసుకున్నాం, రసీదు చూసుకోండి అని. నేను కొనలేదే అని కంగారుపడి నొక్కినవాళ్ళు ప్రేమతో కాదు, భయంతో నొక్కారు. మరొకటి ఇంకా దుర్మార్గం. వైరస్‌ల నుంచి కాపాడే కంపెనీ పేరుతో, ఇదిగో విరుగుడు అంటూ వచ్చింది.

ఇక ఈ ఉత్తరం పుట్టిన మనీలా. దీన్ని రాసింది ఓనెల్ డి గుజ్మన్, పాతికేళ్ళు నిండని కంప్యూటరు విద్యార్థి. అప్పట్లో అక్కడ ఇంటర్నెట్‌కు గంటల లెక్కన డబ్బు కట్టాలి. పేదవాడికది అందని పండు. ఇతరుల పాస్‌వర్డులు తీసుకుని వాళ్ళ ఖాతాలతో ఇంటర్నెట్ వాడుకునే ప్రోగ్రామును ఏఎంఏ కంప్యూటర్ కాలేజీలో తన థీసిస్‌కు ప్రతిపాదించాడు. ఇది దొంగతనం అని కాలేజీ తిరస్కరించింది. అతను ఆగలేదు. మొదట మనీలాలోనే కొందరి మీద ప్రయోగించాడు. తర్వాత చిరునామాల పుస్తకం ద్వారా పాకేలా మార్చి, ప్రేమ అనే ఎర తగిలించాడు. సింగపూర్‌లో ఒకరికి పంపి, స్నేహితుడితో కలిసి తాగడానికి వెళ్ళాడు. మనీలాలో ఒక హ్యాకర్ కోసం పోలీసులు వెతుకుతున్నారని అతనికి చెప్పింది కన్నతల్లే. ఆమె కొడుకు కంప్యూటరును దాచేసింది. కొన్ని డిస్కులు మిగిలిపోయాయి.

నేషనల్ బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్ అధికారులు టెలిఫోను లైను ఆధారంగా పాండకాన్ ప్రాంతంలోని ఒక ఇంటికి చేరారు. కొద్ది రోజులకు ఓనెల్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ముఖానికి రుమాలు అడ్డంపెట్టుకుని విలేకరుల ముందుకు వచ్చాడు. పొరపాటున వదిలి ఉండొచ్చా అని అడిగితే, ఉండొచ్చన్నాడు.

శిక్ష పడలేదు. వైరస్ వదలడం నేరమని చెప్పే చట్టం అప్పటికి ఫిలిప్పీన్స్‌లో లేదు. క్రెడిట్ కార్డు మోసాల చట్టాన్ని తగిలించాలని చూశారు, అతకలేదు. జూన్ 14న అక్కడ ఈ-కామర్స్ చట్టం వచ్చింది గానీ, జరిగిపోయిన దానికి కొత్త చట్టం వర్తించదు. ఆగస్టులో కేసు ఎత్తేశారు.

ఆ మే 4న మన దేశంలోనూ అలాంటి చట్టం లేదు. సమాచార సాంకేతిక చట్టానికి రాష్ట్రపతి ఆమోదం 2000 జూన్ 9న, అంటే ఫిలిప్పీన్స్ చట్టానికి అయిదు రోజుల ముందు వచ్చింది. అక్టోబరు 17 నుంచి అమల్లోకి వచ్చింది. అనుమతి లేకుండా ఎవరి కంప్యూటరులోనైనా వైరస్ చొప్పించడం తప్పని దాని 43వ సెక్షను చెబుతుంది. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఊళ్ళో, మధ్యలో వీధిచివరి ఇంటర్నెట్ సెంటర్. కొడుకు పేరు కనిపిస్తే చాలు, ఏ తల్లి ఆగుతుంది తెరవకుండా? ఆ నమ్మకాన్ని వాడుకోవడమే ఈ నేరంలోని అసలు క్రూరత్వం.

2019లో బ్రిటిష్ జర్నలిస్టు జెఫ్ వైట్ ఓనెల్‌ను వెతుక్కుంటూ వెళ్ళాడు. మనీలాలో ఒక చిన్న కొట్టులో ఫోన్లు బాగుచేస్తూ కనిపించాడు. అది రాసింది తానేనని ఒప్పుకున్నాడు. అమెరికా దాకా, యూరప్ దాకా వెళుతుందని అనుకోలేదని చెప్పాడు.

ఎత్తు మాత్రం పాతబడలేదు, నునుపు తేలింది. 2014లో పుట్టిన ఎమోటెట్ అనే హానికర ప్రోగ్రాము, పోనుపోను ఏం నేర్చుకుందంటే, మీ స్నేహితుడి మెయిల్‌పెట్టెలో మీరిద్దరూ నిజంగా రాసుకున్న పాత ఉత్తరాలను దొంగిలించి, వాటికే జవాబుగా విషపు ఫైలు పంపడం. పాత సంభాషణ అంతా కింద అలాగే ఉంటుంది. 2021 జనవరిలో ఎనిమిది దేశాల అధికారులు కలిసి దాని సర్వర్లను పట్టుకున్నారు. ఆ ఏడాది నవంబరుకే అది మళ్ళీ తలెత్తింది.

అందుకే పేరు చూసి నమ్మే రోజులు పోయాయి, పని చూసి ఆగాలి. అడగని ఫైలు వచ్చిందా, బ్యాంకు ఖాతా మారిందన్నారా, అర్జెంటు అన్నారా, ఆ మెయిల్‌కు జవాబు రాసి అడగకండి. అందులో ఇచ్చిన నంబరుకూ చేయకండి. మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోను చేయండి. "అన్నా, నువ్వే పంపావా?" అంటే చాలు. ఆఫీసులో పై అధికారులకు నాదో విన్నపం. కింది ఉద్యోగి ఇలా ఫోను చేసి అడిగితే విసుక్కోకండి. నొక్కేశాను సార్ అని వెంటనే వచ్చి చెప్పినవాణ్ని తిట్టకండి. తిడితే తర్వాతివాడు దాస్తాడు, దాచిన ఆ గంటలోనే మిగతా కంప్యూటర్లు పోతాయి.

నొక్కేస్తే ముందు ఆ యంత్రానికి నెట్ తీసేయాలి. పాస్‌వర్డులు వేరే యంత్రం నుంచి మార్చుకోవాలి. డబ్బు పోయిందని అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. మీ పేరుతోనే మెయిల్ వెళ్ళిందని ఎవరైనా చెబితే, నేను పంపలేదని ఊరుకోకుండా, మీ చిరునామాల పుస్తకంలో పెద్దవాళ్ళు ఎవరున్నారో వాళ్ళతో మొదలుపెట్టి ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్పండి.