ఆధునిక హీబ్రూ కవిత్వంలో ప్రేమ, యుద్ధం: అనువాదంలో జారిపోయిన మాటలు

1939 సెప్టెంబరులో జర్మన్ సేనలు పోలెండు మీద పడిన కొద్ది దినాలకే పాలస్తీనాలోని ఒక హీబ్రూ పత్రికలో లేయా గోల్డ్‌బర్గ్ అనే కవయిత్రి ఒక చిన్న వ్యాసం ప్రకటించింది. తాను యుద్ధగీతాలు వ్రాయబోనని అందులో ఆమె కరాఖండిగా చెప్పింది. యుద్ధ దినాలలో ప్రేమను గూర్చి వ్రాయడం కవికి దోషం కాదు సరికదా, అదే అతని విధి అన్నది ఆమె వాదం. గోల్డ్‌బర్గ్ సామాన్యురాలు కాదు. 1911లో కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టి, బాన్ విశ్వవిద్యాలయంలో పౌల్ కాలే వద్ద సెమిటిక్ భాషలు చదివి 1933లో డాక్టరేటు పొందిన విదుషీమణి. 1935లో టెల్ అవీవ్ చేరింది. ఆమె వ్యాసానికి జవాబు నాథన్ ఆల్టర్‌మన్ (1910–1970) నుండి వచ్చింది. లోకం తగులబడుతూ ఉంటే కవిత్వం ఆ మంటను చూడనట్లు నటించజాలదన్నది అతని పక్షం.

అప్పటికి ఆ యుద్ధం ఐరోపాది. ఇద్దరూ దానిని దూరం నుండి చూస్తూ వాదించుకున్నారు. తొమ్మిదేళ్ళు తిరగకుండానే యుద్ధం వాళ్ళ వాకిట్లోకి వచ్చింది. ఈసారి ఇల్లూ వాకిలీ పోగొట్టుకొన్నవారు అరబ్బులు. ముస్లిములు, వారితోబాటు క్రైస్తవులు. 1948లో దాదాపు 7 లక్షల మంది పాలస్తీనీయులు స్వస్థలాల నుండి వెళ్ళగొట్టబడ్డారు, లేదా ప్రాణభయంతో పారిపోయారు. అరబ్బులు దానిని 'నక్బా' అన్నారు. ప్రేమా యుద్ధమా అన్న గోల్డ్‌బర్గ్ ప్రశ్న అప్పుడు వేరే రూపం దాల్చింది: గెలిచినవాని ప్రేమగీతాన్ని ఓడినవాని బంధువు ఎలా చదవాలి?

ఆల్టర్‌మన్ 'దవార్' దినపత్రికలో క్రమం తప్పక వ్రాసే పద్య శీర్షికలో 1948 నవంబరు 19న ఒక కవిత వచ్చింది. జయించిన పట్టణపు వీధిలో జీపు మీద పోతున్న ఒక కుర్ర సైనికుడు, గోడకు అతుక్కుపోయి నిలిచిన ఒక వృద్ధుని మీద తన మరతుపాకీని పరీక్షిస్తాడు. అదీ విషయం. కాల్చినవాడిని మాత్రమేగాక, చూసి ఊరకున్నవారిని సైతం కవి దోషులుగా నిలబెట్టాడు. ప్రధానమంత్రి బెన్ గురియన్ ఆ కవితను మెచ్చుకొని, అచ్చువేయించి సైనికులకు పంచడానికి కవి అనుమతి కోరాడు. యుద్ధం ఇంకా ముగియలేదు. ఇది చిన్న విషయం కాదు. అయితే కవితలో ఆ ఊరి పేరు లేదు. లుద్ద్ పట్టణమని కొందరు చరిత్రకారులు, దవాయిమా గ్రామమని మరికొందరు ఊహిస్తారు. పశ్చాత్తాపం ఉంది, కాని ఎవరి విషయంలో పశ్చాత్తాపమో వారికి పేరు లేదు, ఊరు లేదు. మరో మాట కూడా చెప్పకతప్పదు. 1967 యుద్ధం తర్వాత, ఆక్రమించుకొన్న భూమిలో ఒక్క అంగుళమూ వదలరాదని ఉద్యమించిన 'అఖండ ఇజ్రాయెల్' ప్రకటన మీద సంతకం చేసినవారిలో ఈ ఆల్టర్‌మనే ముఖ్యుడు. 1948 నాటి కవితను పొగిడేవారు 1967 నాటి సంతకాన్ని దాచిపెట్టరాదు. సంతకాన్ని నిందించేవారు కవితను లేదనరాదు.

తెలుగు పాఠకునికి ఈ కవిత్వం ఆంగ్లం ద్వారానే అందుతుంది. ఆంగ్లంలో అందరికన్న ఎక్కువగా చదవబడినవాడు యెహూదా అమిఖాయ్. 1924లో జర్మనీలోని వూర్జ్‌బుర్గ్‌లో ఆచారపరాయణులైన యూదుల ఇంట పుట్టి, బాల్యంలోనే తల్లిదండ్రులతో పాలస్తీనా చేరాడు. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సైన్యంలో ఈజిప్టులో పనిచేశాడు. అక్కడ సైనికుల సంచార గ్రంథాలయం ఒకటి ఇసుకలో బోల్తాపడగా, చెల్లాచెదరైన పుస్తకాలలో ఆధునిక ఆంగ్ల కవితా సంకలనం ఒకటి తన చేతికి చిక్కిందనీ, తాను కవి కావడానికి అది ఒక కారణమనీ ఆయనే చెప్పుకొన్నాడు. అనగా హీబ్రూ కవికి సైతం దారి చూపినది పరభాషా కవిత్వమే. 1948లో ఆయన పల్మాఖ్ దళంలో దక్షిణాన నెగెవ్ ప్రాంతంలో పోరాడాడు. 1955లో తొలి సంపుటి వెలువడింది. టెల్ అవీవ్‌లో పెరిగిన అస్యా గుట్‌మన్ చేసిన ఆంగ్లానువాదాలు 1968లో పుస్తకంగా వచ్చాయి. హీబ్రూ తెలియని ఆంగ్లకవి టెడ్ హ్యూస్, కవి స్వయంగా చేసియిచ్చిన ఆంగ్లానికి మెరుగులు దిద్ది 1977లో మరొక సంపుటి వెలువరించాడు.

ఈ అనువాదాలు చాలా హాయిగా నడుస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. అమిఖాయ్ ఆంగ్లంలో తేటగా, కొంచెం దిగులుగా, ప్రియురాలి ప్రక్కన కూర్చొని యుద్ధాన్ని తలచుకొనే పెద్దమనిషిలా వినిపిస్తాడు. హీబ్రూలో ఆయన అంత తేలికైనవాడు కాడు. చిన్ననాడు కంఠస్థం చేసిన ప్రార్థనల మాటలను తీసి పడకగదిలోనూ కందకంలోనూ వాడతాడు. యూదుల అంత్యక్రియలలో 'కరుణతో నిండిన దేవా' అని మొదలయ్యే ఒక ప్రార్థన ఉంది. కొండల మీదినుండి శవాలను మోసి తెచ్చిన సైనికుని నోట ఆయన దానిని ఫిర్యాదుగా మార్చాడు. అందులోని 'రహమీమ్' అన్న మాటను ఆంగ్లం 'మెర్సీ' అని తెచ్చుకొని ఊరుకొంటుంది. అరబీ అక్షరం ముక్క వచ్చిన ముస్లిం పాఠకునికి ఆ మాట వినగానే వేరే తలుపు తెరుచుకొంటుంది. రహ్మత్, రహీమ్, రహ్మాన్ అనే మాటలు పుట్టిన ధాతువే అది. హీబ్రూలో 'రెహెమ్' అంటే తల్లి గర్భం. అరబీలో 'రహిమ్' అన్నా అదే. రహిమ్ అన్న పేరును అల్లాహ్ తన 'రహ్మాన్' నామం నుండి తీసినట్లు హదీసులో వచ్చిన సంగతి, 'సిలయె రహిమీ' అని రక్తబంధుత్వాన్ని నిలుపుకోవడం గురించి మస్జిదులలో వింటూవచ్చిన సంగతి అతనికి తెలుసు. శవాన్ని మోసినవాడు కరుణను గూర్చి అడుగుతూ ఉంటే ఆ మాట అడుగున తల్లి ఉంది. ఆంగ్లంలో తల్లి పోయింది.

దైవాన్ని అలా నిలదీయడం ముస్లిం పాఠకునికి రుచించకపోవచ్చు. కాని కొత్త మాత్రం కాదు. ఇఖ్బాల్ 1911లో 'షిక్వా' వినిపించి కొందరి ఆగ్రహానికి గురియై, 1913లో 'జవాబె షిక్వా' కూడా తానే వ్రాశాడు. అమిఖాయ్ ఫిర్యాదు దగ్గరే ఆగిపోయాడు.

ఇటువంటి మాట మరొకటి. హీబ్రూలో పోరును 'క్రావ్' అంటారు. 'కారోవ్' అంటే దగ్గర, బంధువు. అరబీలోని ఖాఫ్, రా, బా అన్న మూడక్షరాలే అవి కూడా. ఖరీబ్, ఖుర్బానీ, అఖ్రబా అన్న మాటలు మన ఇళ్ళలో వినిపించేవే. ఎదురెదురుగా దగ్గరకు రావడమే పోరు అన్న ప్రాచీన భావం ఆ భాషలో మిగిలి ఉంది. కాబట్టి హీబ్రూ కవి ప్రేమను, యుద్ధాన్ని ఒక్క కవితలో ఇమిడ్చినప్పుడు అది కేవలం అతని చమత్కారం అనుకోరాదు. భాషే సగం పని చేసిపెట్టింది. అయితే ఇక్కడ అనువాదకుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ధాతువు ఒకటైనంత మాత్రాన అర్థం ఒకటి కాదు. హీబ్రూలో 'లెహెమ్' రొట్టె, అరబీలో 'లహ్మ్' మాంసం. చుట్టరికం చూసి మురిసి రొట్టెకు బదులు మాంసం వడ్డించేవారు లేకపోలేదు.

ఈ చుట్టరికం కొత్తది కూడా కాదు. పదవ శతాబ్దంలో దూనాష్ బిన్ లబ్రాత్ అరబీ అరూజును హీబ్రూలోకి తెచ్చాడు. అనగా ఖలీల్ బిన్ అహ్మద్ కట్టిన వజనుల మీద హీబ్రూ కవిత్వం నడిచింది. ముస్లిం రాజ్యమైన గ్రనాడాలో వజీరుగా ఉండిన యూదుడు సామ్యుయెల్ నగీద్ (993–1056) దండయాత్రలలో పాల్గొంటూ యుద్ధకవితలు, తీరిక వేళల్లో అరబీ గజల్ ధోరణిలో ప్రేమకవితలు వ్రాశాడు. మూసా బిన్ ఎజ్రా అయితే హీబ్రూ కవిత్వ శాస్త్రాన్నే అరబీ భాషలో రచించాడు. అమిఖాయ్‌కి ఎంతో ఇష్టుడైన పూర్వకవి ఈ నగీదే. జర్మనీలో పుట్టిన కవి తాతల కోసం వెదికితే ముస్లిముల అందలూసులో దొరికారు!

మాటల సంగతి ఇలా ఉండగా పేర్ల సంగతి ఇంకా బరువైనది. 1948లో హులైఖాత్ అన్నచోట జరిగిన పోరులో అమిఖాయ్ నాయకుడు డిక్కీ మరణించాడు. ఆయన పేరిట అమిఖాయ్ దశాబ్దాల పర్యంతం కవితలు వ్రాస్తూనే ఉన్నాడు. మూడవ కవిత శీర్షికలోనే హులైఖాత్ పేరు ఉంది. స్నేహితుని పట్ల ఆ ప్రేమ నిజమైనది. చదివినవాని గుండె కరుగుతుంది. ఆంగ్ల పాఠకునికి హులైఖాత్ ఒక యుద్ధభూమి పేరు, అంతే. అది గాజాకు ఉత్తరాన ఉండిన ఒక అరబ్బు గ్రామం. 1948లో అది ఖాళీ అయింది. దాని భూముల మీద 1950లో హెలెత్స్ అన్న యూదు వ్యవసాయ గ్రామం వెలిసింది. 1955లో ఆ ప్రాంతంలో భూమి నుండి చమురు పడింది. డిక్కీ కొరకు కవితలున్నాయి, స్మారకం ఉంది. హులైఖాత్ వాసుల కొరకు ఆ కవితలో ఉన్నది ఊరి పేరు ఒక్కటే. అదీ వారి భాషలోనిది. కవి దానిని మార్చలేదు. అనువాదకుడు దానిని అడుగు వివరణ లేకుండా దాటిపోతే పాఠకుడు ఒక ఊరి మీదుగా తెలియకుండా నడిచిపోతాడు.

శత్రువు సాహిత్యం చదవడం ఎందుకు అన్న ప్రశ్నకు పాలస్తీనీయులు ఎన్నడో జవాబు చెప్పారు. అక్కాలో పుట్టి పన్నెండవ యేట శరణార్థి అయిన గస్సాన్ కనఫానీ 1967లో 'ఫిల్ అదబిస్ సహ్యూనీ' అనే గ్రంథం ప్రకటించాడు. జియోనిస్టు సాహిత్యం రాజకీయానికి ముందు నడిచి దానికి దారి వేసిందని అతని నిర్ధారణ. అది మెచ్చుకోలు కోసం చదివిన చదువు కాదు. ఎదుటివాని ఆయుధాన్ని పరీక్షించే చదువు. 1972 జులైలో బైరూత్‌లో కారుబాంబుకు అతడు బలియైనాడు.

మహమూద్ దర్వేష్ చదివిన తీరు వేరు. 1941లో గలిలయలోని అల్ బిర్వాలో పుట్టాడు. 1948లో ఆ ఊరు నామరూపాలు లేకుండా పోయింది. ఇజ్రాయెల్ లోపలే పెరిగి, హీబ్రూ నేర్చి, హీబ్రూ కవిత్వాన్ని మూలంలో చదివాడు. లోర్కా, నెరూడాలను సైతం మొదట హీబ్రూ అనువాదంలోనే చదివానని చెప్పాడు. ఒక యూదు యువతిని ప్రేమించాడు. కవితలలో ఆమె పేరు రీటా. ఆ ఇద్దరి నడుమ ఉన్నది తుపాకీ. అమిఖాయ్ కవితలలో యుద్ధం ప్రేమికులను విడదీసే ఒక విపత్తు, తుఫాను వంటిది. దర్వేష్ కవితలో తుపాకీ ఎవరి చేతిదో చదువరికి తెలుసు. కనఫానీ కఠోర పఠనమూ, దర్వేష్ సన్నిహిత పఠనమూ పరస్పరం కొట్టివేసుకోవు. ఒకటి లేకుండా రెండవది ప్రమాదకరం.

1982 వేసవిలో ఇజ్రాయెల్ సేనలు బైరూత్‌ను ముట్టడించినప్పుడు దర్వేష్ నగరం లోపల ఉన్నాడు. ఆ ఆగస్టులోని ఒక్క దినాన్ని తీసికొని 'జాకిరా లిన్నిస్యాన్' అన్న వచన గ్రంథం వ్రాశాడు. 'లోటస్' పత్రికా సంపాదకునిగా బైరూత్‌లో ఉండిన ఫైజ్ అహ్మద్ ఫైజ్ కూడా ఆ పుస్తకంలో కనిపిస్తాడు. ముట్టడి అవతల, ఇజ్రాయెల్‌లో దాలియా రవికోవిచ్ (1936–2005) ఉంది. 1959లో ప్రేమ అన్న మాటనే పేరులో పెట్టుకొన్న సంపుటితో ఆమె ప్రసిద్ధికెక్కింది. రాజకీయాలు తన పని కాదన్నట్లే వ్రాసింది. సబ్రా, షతీలా శిబిరాలలో ఆ సెప్టెంబరులో జరిగిన ఊచకోత తర్వాత ఆమె కలం మారింది. పసిబిడ్డల హత్యను గూర్చి, కాపలా నిలిచి వెలుగుబాణాలు వేసినవారిని గూర్చి వ్రాసింది. ఊరకున్నవారిని ఆల్టర్‌మన్ నిలదీశాడు, నిజమే. కాని ఈమె చోటుకు పేరు పెట్టింది. మరుసటి సంవత్సరమే ఆ యుద్ధాన్ని నిరసించే హీబ్రూ కవితల సంకలనం ఒకటి వెలువడింది. ఆ దశాబ్దంలోనే వచ్చిన ఆమె సంపుటిలో లెబనాన్ కవితలు ఉన్నాయి. దాని పేరు 'నిజమైన ప్రేమ'. గోల్డ్‌బర్గ్ 1939లో కోరినది ఇది కాదు. అయినా ఆ శీర్షిక ఆమెకు ఎగతాళిగా తోచి ఉండేది కాదేమో.

2000 మార్చిలో ఇజ్రాయెల్ విద్యామంత్రి యోసీ సరీద్, దర్వేష్ కవితలను పాఠశాలల పాఠ్యప్రణాళికలో ఐచ్ఛికంగా చేరుస్తానన్నాడు. పార్లమెంటులో పెద్ద గొడవ లేచింది. దేశం అందుకు ఇంకా సిద్ధంగా లేదని ప్రధాని ఎహూద్ బరాక్ అన్నాడు. ఆ యేడే సెప్టెంబరు 22న అమిఖాయ్ జెరూసలేములో మరణించాడు. ఆరు దినాలకు, 28వ తేదీన, ఏరియల్ షరోన్ మస్జిదె అఖ్సా ఆవరణలోకి వచ్చాడు. మరునాటి నుండి తుపాకులు మ్రోగాయి.